ఏ తలుపుదీ కాని తాళంచెవి

ఏడో అధ్యాయంలో ఆగిపోయాను.
నా కథలో కుర్రాడు ఉంగరంతో గుహలోంచి బయటికొచ్చాడు,
వాన వెలిసింది, గుర్రం సకిలించింది,
ఆ ఉంగరం ఏం చేస్తుందో మాత్రం నాకు తెలీదు.

మనిషిని మాయం చేస్తుందా? అది అందరి ఉంగరాలూ చేసే పనే.
పాముల మాట వినిపిస్తుందా?
అడిగినంత అన్నం పెడుతుందా?
పెడితే మిగతా మూడొందల పేజీలూ ఎవడు నడుస్తాడు,
కడుపు నిండినవాడు కథలో కూలబడతాడు గానీ కదలడు.

స్టాక్‌హోమ్ నుంచి ఎడిటర్ ఫోను:
"వస్తువుకి శక్తి ఉండాలి, శక్తికి హద్దుండాలి,
హద్దు దాటితే ఖరీదుండాలి."
పచారీ చీటీ చదివినట్టు చదివి పెట్టేసింది.

ఆ అక్టోబరులోనే
పక్కపొలం బోత్‌విద్ బీటుదుంపలు తవ్విస్తుంటే
యంత్రం పళ్లకి వెండి తగిలింది.

గోట్లాండ్ దీవిలో ఇది మరీ వింతేం కాదు.
నాగలి దిగితే ఒకోసారి దుంప, ఒకోసారి సున్నపురాయి,
ఎప్పుడో ఓసారి వెయ్యేళ్ల నాటి ఎవరిదో భయం.
అయినా పరిగెత్తాం, బూట్ల నిండా బురదతో,
లంకెబిందెలు చూద్దామని.

బిందె లేదు. కాపలా భూతం లేదు.
నిప్పులు కక్కే డ్రాగన్ సంగతి సరేసరి.
కుళ్లిన తోలుసంచి చారిక,
మెలితిప్పిన కడియాలు, తూకానికి నరికిన వెండి తునకలు,
ఎన్ని నదులు దాటొచ్చాయో అరబ్బీ అక్షరాల నాణేలు,
ఒకదాని మీద వానపాము
కూడబలుక్కుని చదువుతున్నట్టు పాకుతోంది.
నా పుస్తకాల్లో నిధి ధగధగలాడేది.
ఇది పొయ్యి తుడిచిన మసిగుడ్డలా ఉంది.

మ్యూజియం నుంచి వచ్చిన టూవా
మోకాళ్ల మీద కూచుని, కుంచెతో మట్టి దులుపుతూ
మూడొందల పన్నెండు దాకా లెక్కపెట్టి ఆగింది.
"ఇది వెండి కాదు."

ఇనుము. తుప్పు. వేలెడంత.
తాళంచెవి.

ఊరొదిలి పారిపోయేవాడు వెండి పాతిపెడతాడు, సరే.
తాళంచెవి దేనికి?
ఎవరూ మాట్లాడలేదు.
బోత్‌విద్ భార్య గున్‌వోర్
కోటు జేబు ఒకసారి తడిమి చూసుకుంది.

ఆ మనిషి తిరిగొచ్చుంటే
మాకు ఉత్త గొయ్యి కూడా మిగిలేది కాదు.
మనకి దొరికే ప్రతి నిధీ
ఎవరో రాలేకపోయారన్న కబురు.
ఇన్నేళ్లూ ఇది తెలీకుండానే
గుహల నిండా పసిడి రాశులు పోశాను.

వెండి ప్రభుత్వానికి పోయింది, చట్టం అది.
వచ్చిన బహుమతి సొమ్ముతో బోత్‌విద్
గొర్రెల కొట్టానికి కొత్త రేకులు వేయించాడు.
కథైతే అక్కడితో కంచికి పోవాలి.
కానీ ఆ చలికాలమంతా తల వంచుకునే నడిచాడు,
చేలో, రోడ్డు మీద, చర్చికి వెళ్తూ కూడా.
"కోడిలా తయారయ్యాడు," అంది గున్‌వోర్.
"అడవిబాతులు ఏ రోజు దాటిపోతాయో
ముప్పైయేళ్లుగా రాసిపెట్టుకునేవాడు,
ఈ ఏడు ఆ పేజీ ఖాళీ."

ఎడిటర్ అడిగిన ఖరీదు ఇదే కాబోలు,
ఇంతేసి మెడ వంగడం.

ఆ రాత్రి కుర్రాడి వేలి నుంచి ఉంగరం ఊడదీశాను.
చీకట్లో మండే కత్తి, అబద్ధమాడని అద్దం,
సంతలో చవగ్గా వచ్చాయని
నేను వాడి వీపుకెత్తిన సామానంతా దింపించాను.
జేబులో తాళంచెవి వేశాను.

అది ఏమీ చెయ్యదు.
రాత్రిళ్లు తొడకి చల్లగా తగులుతుంది.
ఏ ఇల్లు కనబడినా వాడు ఆగుతాడు,
తాళం తీసి చూడబోయి, సిగ్గుపడి, తలుపు తడతాడు.
తొమ్మిదో అధ్యాయంలో లోపల్నుంచి ఒక ముసలి గొంతు
"ఇంతాలస్యమా?" అంది.
అది వాణ్ణేనో, ఇంకెవరనుకుని అందో
ఇంకా రాయలేదు.

ఎడిటర్ మళ్లీ ఫోను చేసింది.
"అయితే ఆ తాళంచెవి చేసే పనేంటి?"
"వాణ్ణి తలుపుల ముందు నిలబెడుతుంది," అన్నాను.
కాసేపు ఏమీ లేదు.
తర్వాత అటువైపు
ఏదో సొరుగు లాగి, లోపల వెతుకుతున్న చప్పుడు.